ఇసుక మీద కట్టడాలు
(రాయి, సున్నం, సిమెంటు – 6వ భాగం)

పెన్న పేరుకే నది. ఏడాదిలో ఎక్కువ నెలలు అది ఇసుక మేట. నంది కొండల్లో పుట్టి, రాయలసీమ మీదుగా నడిచి, సోమశిల దగ్గర వెలికొండలను చీల్చుకుని నెల్లూరు మైదానంలో అడుగుపెడుతుంది. అక్కడి నుంచి దక్షిణపు ఒడ్డున కలువాయి, చేజర్ల. ఉత్తరపు ఒడ్డున ఆత్మకూరు, సంగం. మాఘం దాటితే ఎడ్ల బండి ఏట్లో దిగి అవతలికి పోయేది. అదే ఏరు కార్తీకంలో తుపాను పడితే ఒక్క రాత్రిలో రెండు గట్లూ ఒరుసుకుని పారుతుంది. ఈ ఏటికి అడ్డంగా ఏది కట్టాలన్నా పునాది ఇసుకలోనే దిగాలి. కట్టింది ఎంతకాలం నిలుస్తుందన్న లెక్క కూడా అక్కడే మొదలవుతుంది.

ఉదయగిరి కొండ మీది కోట గోడల సంగతి గత భాగంలో చూశాం. 1514లో కృష్ణదేవరాయలకు చిక్కిన ఆ కోటకు కొండే పునాది. గానుగలో రుబ్బిన సున్నం, ఇసుక, కొన్నిచోట్ల బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం కలిపిన గచ్చు రాయినీ రాయినీ పట్టి ఉంచింది. అక్కడ కట్టడానికి శత్రువులు ఫిరంగి గుండు, గోడల్లో మొలిచే రావి మొక్క. కొండ దిగి ఏటి ఒడ్డుకు వస్తే శత్రువు మారుతుంది. ఇక్కడ నీరు గోడను ఎదురుగా తోసే దానికంటే దాని అడుగున దారి వెతుక్కోవడంలోనే ప్రమాదం ఎక్కువ.

ఇసుక మీద ఆనకట్ట కట్టవచ్చన్న ధైర్యం ఇంగ్లీషు ఇంజనీర్లకు తమ దేశం నుంచి వచ్చింది కాదు. కావేరి మీద చోళుల కాలం నాటి కల్లణై ఇసుకలోనే నిలిచి ఉండటం ఆర్థర్ కాటన్ చూశాడు. 1836లో కావేరి పాయ కొళ్ళిడం మీద, 1847 నుంచి ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద అదే ధైర్యంతో పని చేశాడు. ఆ వరసలోనే 1852–55 మధ్య బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట, 1855లో నెల్లూరు దగ్గర పెన్న ఆనకట్ట వచ్చాయి. నెల్లూరు కట్టడాన్ని తొలి ఏళ్ళలోనే వరదలు దెబ్బకొట్టాయి. అతుకులు వేస్తూ, పొడిగిస్తూ దాన్ని నిలబెట్టుకొచ్చారు. 1880ల్లో ఎగువన సంగం దగ్గర రెండో ఆనకట్ట లేచింది. నెల్లూరు జిల్లాకు ధాన్యపు గిడ్డంగిగా పేరు రావడం వెనుక ఈ రెండు కట్టడాలు ఉన్నాయి.

ఆ పనులకు వాడిన సరంజామాలో విలాయతీ వస్తువులు తక్కువ. నీళ్ళలో గట్టిపడే గుణం ఒట్టి సున్నానికి ఉండదు. కాల్చిన ఇటుకను పొడి కొట్టి, జల్లెడ పట్టి సున్నంలో కలిపితే ఆ గుణం వస్తుంది. ఆ పొడే సుర్కీ. ఇటుక మట్టిలోని సిలికా సున్నంతో కలిసి నీటికి కరగని బంధంగా మారుతుందని రసాయన శాస్త్రం తర్వాత వివరించింది. రోమనులు అగ్నిపర్వతపు బూడిదతో చేసిన పని ఇక్కడ ఇటుక పొడి చేసింది. పునాదికి వాడిన పద్ధతీ ఈ దేశానిదే. ఇసుక మీద ఇటుక బావి కట్టి, లోపలి ఇసుక తోడుతూ పోతే బావి తన బరువుకు తానే దిగుతుంది. అలాంటి బావులను వరసగా దించి, లోపల రాయీ సున్నమూ నింపి, వాటి మీద గోడ లేపేవారు. మట్టిపని ఉప్పరులది, రాతిపని వడ్డెరలది. సున్నపు గానుగ చుట్టూ తిరిగింది ఎద్దులు. ప్రభుత్వ నివేదికల్లో ఇంజనీర్ల పేర్లు మిగిలాయి, బావులు దించినవాళ్ళవి మిగల్లేదు.

ఆనకట్ట అడుగున నీరు ఏం చేస్తుందో అప్పటికి ఎవరికీ లెక్కగా తెలియదు. ఎగువన నీరు నిలిస్తే అది ఇసుక రేణువుల మధ్య సందుల్లోంచి కిందికి దిగి, కట్టడం అడుగున పాకి, దిగువన పైకి ఉబుకుతుంది. ఉబికే చోట వేగం ఎక్కువైతే రేణువులను వెంట తెస్తుంది. రేణువులు పోయినచోట చిన్న సొరంగం పడుతుంది. సొరంగం పెరిగేకొద్దీ నీరు ఎక్కువవుతుంది, నీరు ఎక్కువయ్యేకొద్దీ సొరంగం పెరుగుతుంది. చెరువు కట్టకు పడ్డ ఎండ్రకాయ బొక్కను వెంటనే పూడ్చకపోతే ఏమవుతుందో తెలిసిన రైతుకు ఇందులో కొత్త లేదు. ఇంజనీర్లకు మాత్రం పాఠం ఖరీదైంది. 1898 మార్చిలో గంగ మీది నరోరా ఆనకట్ట తెగింది. అప్పుడు వరద లేదు, నది నిదానంగా ఉన్న కాలం. అడుగు నుంచి తోసిన నీటికి రాతి చప్టా లేచిపోయింది.

నరోరాకు ముందే చీనాబ్ మీది ఖాంకీ ఆనకట్ట కలవరపెట్టడంతో రూర్కీలోని థామసన్ కాలేజీలో కల్నల్ క్లిబర్న్ ఇసుక గుండా నీరు నడిచే తీరును ప్రయోగాలతో కొలిచాడు. కట్టడాల మన్నిక మీద ఈ దేశంలో జరిగిన తొలి క్రమబద్ధ పరిశోధనల్లో ఇది ఒకటి. ఆ ఫలితాల మీద నిలబడి డబ్ల్యూ.జి. బ్లై 1910లో ఒక సులువైన సూత్రం చెప్పాడు. నీరు కట్టడపు అడుగును అంటుకుని పాకుతుంది, ఆ పాకే దారి ఎంత పొడవుంటే అంత క్షేమం. ముతక ఇసుకలో ఒక అడుగు నీటి ఎత్తుకు 12 అడుగుల దారి, సన్న ఇసుకలో 15 అడుగులు. గుణకారం వచ్చిన ప్రతి ఓవర్సీరూ వాడగలిగిన లెక్క కాబట్టి అది త్వరగా పాకింది.

అయితే ఆ లెక్కకు సరిగ్గా తూగిన కట్టడాలు కూడా కొన్ని ఇబ్బంది పెట్టాయి. ఎగువ చీనాబ్ కాలువ మీది సైఫన్లు 1926–27లో అలా తేడా చేశాయి. ఇంజనీరు ఎ.ఎన్. ఖోస్లా వాటి చప్టాల్లోకి గొట్టాలు దించి, అడుగున నీటి ఒత్తిడి ఎక్కడ ఎంత ఉందో కొలిచాడు. నీరు బ్లై చెప్పినట్టు అడుగును అంటుకుని పాకడం లేదని, ఇసుకంతా వ్యాపించి వంపు దారుల్లో నడుస్తోందని తేలింది. అడ్డంగా పరిచిన పది అడుగుల చప్టా కంటే నిలువునా దించిన గోడ చేసే మేలు చాలా ఎక్కువ. అంతకంటే ముఖ్యం, దిగువ చివర నిలువు గోడ లేకపోతే పైన ఎంత కాంక్రీటు పోసినా రక్షణ లేదు. ఈ ఫలితాలతో 1936లో సెంట్రల్ బోర్డ్ ఆఫ్ ఇరిగేషన్ ప్రచురించిన గ్రంథంతో బ్లై సూత్రం పరీక్ష పేపర్లకు పరిమితమైంది. పెన్న మీద బావులు దించినవాళ్ళు నిలువు గోడ విలువ చేతులతో ఎరుగుదురు. దాని లోతు ఎంత ఉండాలో ముందే చెప్పడం ఖోస్లాతో సాధ్యమైంది.

ఈలోగా సున్నం స్థానంలోకి సిమెంటు వస్తోంది. 1904లో మద్రాసులో చిన్నపాటి ప్రయత్నం, 1914లో పోరుబందరులో పెద్ద ఫ్యాక్టరీ. కాంక్రీటుకు బలం ఎక్కడి నుంచి వస్తుందో 1918లో షికాగోలో డఫ్ అబ్రామ్స్ తేల్చాడు. సిమెంటు ఎంత అన్నదొక్కటే కాదు, సిమెంటుకు నీళ్ళు ఎన్ని అన్నది అసలు ప్రశ్న. సిమెంటుతో రసాయనికంగా కలిసే నీరు దాని బరువులో పావు వంతుకు మించదు. పని జారుగా సాగడానికి పోసే మిగతా నీరంతా తర్వాత ఆవిరై, తన స్థానంలో కంటికి కనపడని రంధ్రాలు వదిలిపోతుంది. ఆ రంధ్రాలే రేపటి నీటికి దారులు. ఈ చిన్న నిష్పత్తి తర్వాతి వందేళ్ళ మన్నిక పరిశోధనకు మూలమైంది. మన ఊళ్ళ మిక్సర్ యంత్రాల దగ్గర ఈనాటికీ ఎక్కువగా అతిక్రమించేదీ దాన్నే.

సున్నం అంత సులువుగా తప్పుకోలేదు. తుంగభద్ర ఆనకట్టను 1945లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు చెరో ఒడ్డు నుంచి మొదలుపెట్టినప్పుడు ఇరుపక్షాల ఇంజనీర్లకు నిర్మాణ వివరాల మీదే పొసగలేదు, పని కొంతకాలం కదల్లేదు. చివరికి ఆ పెద్ద కట్టడం సుర్కీ మాలుతో లేచింది. కృష్ణ మీద 1952లో పాత ఆనకట్టకు గండి పడింది. నూరేళ్ళు నిలిచిన దాని స్థానంలో 1954–57 మధ్య ప్రకాశం బ్యారేజీ కట్టారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగే నాటికి చర్చ మరో మలుపు తిరిగింది. ఉత్తరాన భాక్రాలో యంత్రాలు కాంక్రీటు పోస్తున్నాయి. సాగర్‌లో రాతి కట్టడాన్ని ఎంచుకున్నారు. సిమెంటు కరువు, విదేశీ మారకద్రవ్యపు కరువు ఉన్న దేశంలో, రాయి దండిగా ఉండి పని కోసం వేల మంది ఎదురుచూస్తున్నచోట ఆ నిర్ణయం తెలివైనదే. తలమీద తట్టలతో కూలీలు వాలు వంతెనలు ఎక్కి దాదాపు 125 మీటర్ల ఎత్తు గోడను లేపారు. 1945 నుంచి హైదరాబాదు హిమాయత్‌సాగర్ దగ్గర పనిచేస్తున్న ఇంజనీరింగ్ పరిశోధనశాల వంటి చోట్ల జలాశయాల నమూనాలు కట్టి, నీరు దూకే తీరు పరీక్షించడం కూడా ఆ తరం పనుల్లో భాగమైంది.

ఆ తర్వాత పెన్న మీద సోమశిల వచ్చింది. 1970ల్లో మొదలై 1980ల చివరికి రూపు దిద్దుకున్న ఈ జలాశయపు సామర్థ్యం 78 టీఎంసీలు, గేట్లు 12. ఏరు కొండలను చీల్చుకున్నచోటే కట్టడం వల్ల ఇక్కడ పునాది బెంగ తక్కువ. బెంగంతా దిగువనే. గేట్ల నుంచి దూకిన నీటికి ఉన్న శక్తి ఎక్కడో ఒకచోట చావాలి. దాన్ని చంపడానికి కట్టిందే అప్రాన్ అనే కాంక్రీటు చప్టా. దాని మీద నీరు తనలో తాను సుళ్ళు తిరిగి అలిసిపోవాలి. ఆ సుళ్ళలో రాళ్ళు, ఇసుక చేరితే అవి తిరగలిలా కాంక్రీటును అరగదీస్తాయి. అతుకుల్లోంచి ఒత్తిడితో దూరిన నీరు పలకలను అడుగు నుంచి లేపుతుంది. 2020 నవంబరులో నివర్ తుపాను, 2021 నవంబరులో వాయుగుండం వెంటవెంట వచ్చినప్పుడు సోమశిల అప్రాన్‌కు జరిగింది ఇదే తరహా నష్టం. 2021లో దిగువకు వదిలిన నీరు ఐదు లక్షల క్యూసెక్కులు దాటింది. ఒడ్డున సోమేశ్వరాలయం దెబ్బతింది. దిగువన కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. డ్యాము మాత్రం నిలిచింది. నిలిచింది కాబట్టే అప్రాన్ మరమ్మతు వెనక్కిపోయే ప్రమాదం ఉంటుంది. అప్రాన్ పోయినచోట ప్రతి కొత్త వరదా డ్యాము పాదాన్ని కొంత కొంత కొరుకుతుంది.

సోమశిల నుంచి మరో కథ దక్షిణానికి సాగుతుంది. 1983 ఏప్రిల్ 18న ఎన్టీఆర్, ఎంజీఆర్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం 15 టీఎంసీల కృష్ణ నీటిలో ఆవిరి నష్టం 3 పోగా 12 టీఎంసీలు సరిహద్దు దగ్గర మద్రాసుకు అందాలి. శ్రీశైలం నుంచి సోమశిలకు వచ్చిన నీరు, చేజర్లకు పడమటి సీమను ఒరుసుకుంటూ పోయే వరద కాలువలో కండలేరు చేరాలి. అక్కడి నుంచి 152 కిలోమీటర్ల కాలువలో సరిహద్దు చేరాలి. తెలుగుగంగ అన్న పేరులో ఉన్న ఆత్మీయత ఒడ్డు రైతుకు అంత త్వరగా ఎక్కలేదు. తన పొలం పక్కనుంచి పోయే నీరు తనది కాదంటే ఎవరికి నచ్చుతుంది? ఇంజన్లు పెట్టి తోడుకోవడం, పోలీసు కాపలా, ప్రతి వేసవిలో రెండు ప్రభుత్వాల మధ్య లేఖలు మామూలయ్యాయి.

1996 సెప్టెంబరులో నీరు తొలిసారి తమిళనాడు హద్దు దాటింది. అందినది మాత్రం చాలా తక్కువ. దొంగ తోడకాలు కొంత కారణం, పెద్ద కారణం మట్టి కాలువే. గట్లు వానకు కోసుకుపోయాయి, నీరు నేలలో ఇంకింది. 2002లో పుట్టపర్తి సత్యసాయి బాబా ఈ కాలువను బాగుచేయిస్తామని ప్రకటించారు. గట్లు బలపరిచి, వాలుల మీద లైనింగు వేసి పని ముగించాక 2004 నవంబరులో నీరు పూండి జలాశయం చేరింది. కాలువకు సత్యసాయి గంగ అన్న పేరు వచ్చింది.

కాలువ లైనింగు చూడటానికి చాలా సాదా కాంక్రీటు. బరువు మోయదు, ఇనుము ఉండదు, మందం బెత్తెడు దాటదు. దాన్ని చంపేవి రెండు. మొదటిది వెనుక నీరు. కాలువ నిండుగా ఉన్నప్పుడు గట్టు కూడా తడిసి నిండుతుంది. పైన గేట్లు మూసి కాలువను ఒక్కసారి ఖాళీ చేస్తే గట్టులోని నీరు ఎదురు ఒత్తిడి లేక పలకను లోపలికి తోస్తుంది. అందుకే లైనింగు వెనుక గులకరాళ్ళ పొర, నీరు బయటపడే చిన్న గొట్టాలు ఉండాలి, మట్టం నెమ్మదిగా దించాలి. రెండోది అతుకు. పలకల మధ్య పూసిన తారు ఎండకు ఎండి రాలితే మొలిచేది గడ్డి, తర్వాత తుమ్మ. పల్చని పగులు నుంచి పోయే నీరు కూడా మొత్తంలో లెక్కకు వస్తుంది కాబట్టే కాంక్రీటు అడుగున ప్లాస్టిక్ పొర పరిచే పద్ధతి వచ్చింది. నీటిని ఆపే పని పొరది, పొరను ఎండ నుంచి, ఎద్దు గిట్ట నుంచి కాపాడే పని కాంక్రీటుది.

చేజర్ల, ఆత్మకూరు పల్లెల్లో కాంక్రీటు ఇప్పుడు అందరికీ కనిపించేది వీధిలోనే. ఉపాధి హామీ నిధులతో ఊరూరా పడిన సీసీ రోడ్లు పాత బురద వీధులను మరిపించాయి. ఇలాంటి పలక రోడ్డు 1891లో అమెరికాలోని ఒహాయోలో, 1914లో మద్రాసులో పడింది. దాని లెక్కను 1926లో వెస్టర్‌గార్డ్ రాశాడు. ఎండకు పలక పైభాగం వేడెక్కి సాగుతుంది, అడుగు చల్లగా ఉండిపోతుంది. పలక వంగబోతుంది, తన బరువే దాన్ని వంగనివ్వదు. ఆ పెనుగులాటలో బండి ఎక్కకముందే కొంత భారం పలక మీద పడి ఉంటుంది. మే నెల నెల్లూరు ఎండలో ఇది చిన్న విషయం కాదు. అందుకే నాలుగు మీటర్లకు మించకుండా, పలక మందంలో మూడో వంతు లోతున అడ్డ కోతలు పెట్టాలి. పగలడం ఎలాగూ తప్పదు, మనం గీసిన గీత దగ్గర పగలాలన్నదే కోత ఉద్దేశం. కోత ఆలస్యమైతే పలక తన గీత తానే గీసుకుంటుంది.

1958–60 మధ్య ఇల్లినాయ్‌లో లారీలను రాత్రింబవళ్ళు తిప్పి చేసిన భారీ పరీక్షలో మరో సంగతి బయటపడింది. ఇరుసు బరువు రెండింతలైతే రోడ్డుకు నష్టం దాదాపు 16 ఇంతలు. పెన్న ఇసుక లోడుతో పోయే ఒక్క లారీ ముందు రోజంతా తిరిగే మోటారు సైకిళ్ళు, ఆటోలు లెక్కలోకి రావు. ఆ పరీక్షకు తెలియని బండి ఒకటి నెల్లూరు పల్లెల్లో ఉంది. దమ్ము చేసి మడిలోంచి ఇనుప చక్రాలతోనే ఊళ్ళోకి వచ్చే ట్రాక్టరు, బిగువైన ఆ పలక అంచులను ఒక్క నాట్ల కాలంలో పెచ్చులు లేపుతుంది. చక్రాలు మార్చుకు రమ్మని పంచాయతీలు చాటింపు వేస్తాయి, నాట్ల తొందరలో ఎవరూ వినరు.

వీటన్నిటి కంటే పెద్ద నష్టం మొదటి పది రోజుల్లో జరుగుతుంది. 50 కిలోల సిమెంటు బస్తాకు ఇసుకలోని తడితో సహా 25 లీటర్ల నీరు దాటకూడదన్నది ఒక మోస్తరు వాతావరణంలో ఇనుము ఉన్న కాంక్రీటుకు ప్రమాణం. గమేళా జారుగా ఉంటే కూలీకి సుఖం కాబట్టి ఇంకో బకెట్టు పడుతుంది. కలిపేటప్పుడు ఎక్కువైన నీరు, పోసిన తర్వాత తక్కువవుతుంది. వేడి, పొడి గాలి ఉన్నచోట కనీసం 10 రోజులు తడి ఆరకుండా ఉంచాలని 2000లో సవరించిన ఐఎస్ 456 చెబుతుంది. మట్టి గట్లు పెట్టి మడి కట్టడం, గోనె పట్టాలు పరచడం, గడ్డి కప్పి తడపడం మేస్త్రీలకు తెలియనివి కావు. బిల్లు పోసిన రోజుకు లెక్క, తడిపిన రోజులకు లెక్క లేదు. తాగునీటికే ట్యాంకరు కోసం చూసే ఉదయగిరి మెట్ట ఊళ్ళలో వీధికి పది రోజులు నీళ్ళు పెట్టమనడం చిన్న మాట కూడా కాదు. అలాంటి చోట్ల పలక మీద పిచికారీ చేసి ఆవిరిని ఆపే రసాయనపు పూత ప్రమాణాల్లో ఉంది, పల్లె పనుల్లో మాత్రం అరుదు.

2022 సెప్టెంబరు 6న సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. ఆ ఏడాదే మరణించిన ఆత్మకూరు శాసనసభ్యుడు, మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి పేరు సంగం బ్యారేజీకి పెట్టారు. సున్నం, సుర్కీతో నూరేళ్ళకు పైగా నిలిచిన గోడల పని ఇప్పుడు ఉక్కు గేట్లు, ఇనుము నింపిన కాంక్రీటు స్తంభాలు చేస్తున్నాయి. పాత గోడలో తుప్పు పట్టడానికి ఏమీ లేదు. కొత్తదానిలో ఉంది. కాంక్రీటు కలిపే నీటిలో ఉప్పు నుంచి వచ్చే, ఇనుమును తుప్పు పట్టించే క్లోరైడు లీటరుకు 2,000 మిల్లీగ్రాముల దాకా ఉన్నా ఇనుము లేని కాంక్రీటుకు పనికొస్తుందని, ఇనుము ఉంటే 500 దాటకూడదని ప్రమాణం తేడా పెట్టింది అందుకే.

ఆ ఉప్పు కథ వచ్చే భాగంలో. పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు తీరం నుంచి కృష్ణపట్నం రేవు దాకా ఉప్పుగాలి కాంక్రీటులోకి ఎలా దూరుతుందో, లోపలి చువ్వ తుప్పెక్కి పైపొరను ఎలా పగలదోస్తుందో, థర్మల్ కేంద్రాల బూడిద సుర్కీ చేసిన పాత పనినే మళ్ళీ ఎలా చేపట్టిందో అందులో చూస్తాం.